హెపటైటిస్ బి "కంప్లీట్ ప్యానెల్" రివ్యూ: అసలు కావాల్సిన టెస్టులు తప్ప అన్నీ ఉన్నాయి

రేటింగ్ అడిగితే ఐదుకి మూడు ఇస్తా. ఆ మూడులో రెండు ఇంటికొచ్చి రక్తం తీసిన కుర్రాడివి, ఒకటి రిపోర్ట్ చెప్పిన టైమ్‌కి వచ్చినందుకు. ప్యాకేజీలో ఏ టెస్టులు పెట్టాలో డిసైడ్ చేసినోళ్ళకి, ఫ్రీ కన్సల్టేషన్ అని ఫోన్ చేసి మాట్లాడినావిడకి మాత్రం ఏమీ లేదు. ల్యాబ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే తర్వాత ఇంకో రెండు యాప్‌లు తెరిచి చూశా, అక్కడా ఇదే వరస, పేరు మారింది, ఆఫర్ రేటు మారింది, అంతే. కాబట్టి ఒక ల్యాబ్ మీద కోపం అనుకోకుండా, హెపటైటిస్ బి (లివర్‌ని దెబ్బతీసే వైరస్) టెస్టులకి డబ్బులు పెట్టేముందు ఏం చూసుకోవాలో అని చదవండి.

సంగతేంటంటే మా మరిదికి కువైట్ వీసా వచ్చింది. మాది కోనసీమ, రాజోలు వైపు, అక్కడ ఏ వీధికెళ్ళినా ఒకరైనా గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి మెడికల్ అంటే ఏంటో చిన్నపిల్లలకీ తెలుసు. ఈ మెడికల్ చేసే సెంటర్ల ఏర్పాటుని ఇప్పుడు వాఫిద్ అంటున్నారు గానీ మావాళ్ళు ఇంకా గామ్కా అనే అంటారు. ఛాతీ ఎక్స్‌రేతో పాటు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి అన్నీ చూస్తారు, బి పాజిటివ్ వస్తే అన్‌ఫిట్, అంతే, ఇంకో మాట ఉండదు. మా మరిదికి అదే వచ్చింది. ఆయనకి పుట్టాక ఒక్కసారి కామెర్లు వచ్చింది లేదు, మందు అలవాటు లేదు, రోజూ పొలం పని చేసే మనిషి. సెంటర్ వాళ్ళు ఒక్క ముక్క చెప్పి పంపించేశారు, హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అని. అంటే ఏంటి, ఎంత ఉంది, ఇప్పుడేం చెయ్యాలి, ఏమీ లేదు. ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఆయనకి కంచం గ్లాసు వేరే పెట్టేసింది (ఇది అక్కర్లేదు, కలిసి తింటే, ముట్టుకుంటే, దగ్గితే ఈ వైరస్ రాదు, రక్తం ద్వారా, భార్యాభర్తల మధ్య, తల్లి నుంచి బిడ్డకి వస్తుంది, బ్లేడు, రేజరు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్ళవే ఉండాలి). ఇంట్లో ఒకరికి ఉంటే అందరూ చూపించుకోవాలని తెలిసి, మేం రాజమండ్రిలో ఉంటాం కాబట్టి అందర్నీ ఇక్కడికే రమ్మని, యాప్‌లో "హెపటైటిస్ బి కంప్లీట్ ప్యానెల్" అని కనిపిస్తే మనిషికి 2,199 పెట్టి అదే బుక్ చేశాం.

ముందు బాగున్నవి చెప్తా. వచ్చిన కుర్రాడు నిజంగా పని తెలిసినోడు. సూది కవరు మా ముందే చింపాడు, గ్లవ్స్ కొత్తవి వేసుకున్నాడు, ట్యూబు మీద స్టిక్కర్ రక్తం తీసిన వెంటనే మా కళ్ళముందే అంటించి పేరు చదివి వినిపించాడు. ఇంతమంది ఒకే ఇంట్లో ఇస్తున్నప్పుడు ట్యూబులు మారిపోతే ఎంత గొడవో ఆలోచించండి, అత్తయ్యది మరిదికి మరిదిది అత్తయ్యకి అయితే ఇంకేముంది. పసుపు మూత ట్యూబు యాంటిజెన్, యాంటీబాడీ టెస్టులకి, ఊదా రంగు మూతది వైరస్ డీఎన్ఏ టెస్టుకి అని అడక్కుండానే చెప్పాడు. అత్తయ్యకి నరం దొరక్కపోతే రెండోసారి గుచ్చకుండా వేడినీళ్ళ గుడ్డ పెట్టించి అప్పుడు తీశాడు. "పెద్దమ్మగారూ, గట్టిగా పిడికిలి పట్టండి, అయిపోయింది అయిపోయింది" అంటూ. సూదులు, దూది అన్నీ తన డబ్బాలోనే వేసుకుని తీసుకెళ్ళాడు.

యాప్ మాత్రం పది గంటలు ఏమీ తినొద్దంది. హెపటైటిస్ బి టెస్టులకి పరగడుపు అక్కర్లేదండీ. ప్యాకేజీలో షుగరు, కొలెస్ట్రాల్ కలిపారు కాబట్టి ఆ రూలు. డెబ్బై దాటిన మనిషిని మాకు అక్కర్లేని కొలెస్ట్రాల్ కోసం పొద్దున పదింటిదాకా కాఫీ లేకుండా కూర్చోబెట్టారు.

ఇంకోటి, బుకింగ్‌లో బీపీ ఉందా షుగరు ఉందా అని అడిగారు గానీ అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగలేదు: జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా అని. నేను వేసుకుంటా, నాతోపాటు సగం ఊరు వేసుకుంటోంది ఇప్పుడు. ఈ టెస్టులు చేసే కొన్ని మిషన్లు లోపల బయోటిన్‌నే వాడతాయి, మన రక్తంలో అది ఎక్కువుంటే లెక్క తప్పి ఉన్న వైరస్ లేనట్టు చూపించొచ్చు. అమెరికాలో మందులు, టెస్టుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఎక్కువ డోసు వాడేవాళ్ళు టెస్టుకి రెండు మూడు రోజుల ముందు నుంచి ఆపడం మంచిది, కనీసం ల్యాబ్ వాళ్ళకి చెప్పండి. నాకు ఇది ముందే తెలుసు కాబట్టి ఆపే ఇచ్చా.

ఇక అసలు సమస్య. "కంప్లీట్" అన్న ప్యాకేజీలో ఉన్నవి ఇవి: హెచ్‌బీఎస్ఏజీ, హెచ్‌బీఈఏజీ, యాంటీ హెచ్‌బీఈ, కోర్ ఐజీఎం, లివర్ ఫంక్షన్, పైన చెప్పిన షుగరు కొలెస్ట్రాల్, ఊరికే ఒక థైరాయిడ్. చూడ్డానికి లిస్టు పెద్దగానే ఉంది కదా. కానీ ఇంట్లో వాళ్ళని స్క్రీన్ చెయ్యడానికి కావాల్సిన మూడింట్లో ఇందులో ఉన్నది ఒక్కటే. మిగతా రెండూ, అంటే యాంటీ హెచ్‌బీఎస్, కోర్ టోటల్, లేనే లేవు! ఇది తెలియాలంటే టెస్టులు ఏం చూస్తాయో కొంచెం తెలియాలి, డాక్టర్లు మాట్లాడే భాష కాకుండా నాకు అర్థమైన భాషలో చెప్తా.

పేరు చివర ఏజీ అని ఉంటే అది వైరస్ సరుకు. పేరు ముందు యాంటీ అని ఉంటే అది మన ఒంట్లో దానికి ఎదురుగా తయారైంది. వైరస్‌కి పైన ఒక పొర ఉంటుంది, అది ఎస్. లోపల గుండ్రంగా ఇంకో పెంకు, అది కోర్, అంటే సి. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అంటే ఇప్పుడు, ఈ రోజు వైరస్ ఒంట్లో ఉంది అని. అది ఆరు నెలలు దాటి కూడా అలాగే ఉంటే క్రానిక్ అంటారు. యాంటీ హెచ్‌బీఎస్ 10 ఎంఐయూ/ఎంఎల్ ఉన్నా, దాటినా రక్షణ ఉన్నట్టు, అది టీకా వల్ల రావచ్చు, జబ్బు వచ్చి తగ్గిపోయినా రావచ్చు. ఆ రెండిట్లో ఏదో తేల్చేది కోర్ టోటల్, అంటే కోర్‌కి ఎదురుగా తయారైన యాంటీబాడీ. టీకాలో ఎస్ ముక్క ఒక్కటే ఉంటుంది, కోర్ ఉండదు, అందుకని టీకా వల్ల కోర్ యాంటీబాడీ రాదు, నిజం వైరస్ ఎప్పుడో ఒకసారి ఒంట్లోకి వస్తేనే వస్తుంది, వచ్చాక మామూలుగా జీవితాంతం ఉంటుంది. మూడూ కలిపి చూస్తేనే మనిషి కథ తెలుస్తుంది. అమెరికాలో సీడీసీ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్ళు 2023 నుంచి పద్దెనిమిది దాటిన ప్రతి ఒక్కరికీ జీవితంలో ఒక్కసారైనా ఈ మూడూ కలిపి చెయ్యమంటున్నారు, అక్కడున్న మనవాళ్ళు రెగ్యులర్ చెకప్‌కి వెళ్ళినప్పుడు అడగొచ్చు.

మరి ప్యాకేజీలో కోర్ ఐజీఎం పెట్టారు కదా అంటారేమో. అది వేరు. ఐజీఎం కొత్తగా సోకినప్పుడు వస్తుంది, కొన్ని నెలల్లో పోతుంది. కామెర్లతో కళ్ళు పచ్చబడి వచ్చిన మనిషికి ఆ టెస్టు బంగారం, ఎందుకంటే మధ్యలో ఒక టైమ్ ఉంటుంది, ఎస్ యాంటిజెన్ అప్పటికే పోయి ఎస్ యాంటీబాడీ ఇంకా రాని టైమ్, అప్పుడు కొత్తగా సోకిందని చెప్పేది ఐజీఎం ఒక్కటే. పాత క్రానిక్ జబ్బు ఒక్కసారి ఎగిసినప్పుడు కూడా పాజిటివ్ రావచ్చు. కానీ ఆరోగ్యంగా ఉన్న ఇంటిల్లిపాదికీ అది చేస్తే వచ్చేది నెగటివ్, దానివల్ల తెలిసేది పెద్దగా ఏమీ లేదు. ఇక హెచ్‌బీఈఏజీ (వైరస్ పెరిగేటప్పుడు రక్తంలోకి వదిలే ఇంకో సరుకు), దానికి ఎదురైన యాంటీ హెచ్‌బీఈ, ఈ రెండూ వైరస్ ఉన్నట్టు తేలినవాళ్ళకి చెయ్యాల్సినవి. వైరస్సే లేని మా అమ్మాయికి హెచ్‌బీఈఏజీ ఎందుకు చేశారో ఆ దేవుడికే తెలియాలి.

సరే, మిగతా రెండు టెస్టులు విడిగా చెప్పి, అదే శాంపిల్‌లో చేస్తారా అంటే చేస్తామన్నారు (ఇది మెచ్చుకోవాలి, మళ్ళీ గుచ్చలేదు). యాంటీ హెచ్‌బీఎస్ 800, కోర్ టోటల్ 950. హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే అయితే 450. లెక్కేసుకోండి, అసలు కావాల్సిన మూడూ విడివిడిగా కొన్నా 2,200, అంటే వాళ్ళ ప్యాకేజీ కన్నా ఒక్క రూపాయి ఎక్కువ! ఇవి మాకు పడిన రేట్లు, మీ ఊర్లో వేరే ఉండొచ్చు, అడిగి చూసుకోండి.

మా అత్తయ్య విషయం చెప్తే కోర్ టోటల్ గురించి ఎందుకింత గొడవ చేస్తున్నానో అర్థమవుతుంది. ప్యాకేజీ ప్రకారం ఆవిడది అన్నీ నెగటివ్, ఆకుపచ్చ టిక్కు, "ఆల్ నార్మల్" అని వచ్చింది. విడిగా చేయించిన వాటిలో కోర్ టోటల్ పాజిటివ్, యాంటీ హెచ్‌బీఎస్ 112. అంటే ఎప్పుడో వైరస్ సోకింది, ఒళ్ళే గెలిచి తరిమేసింది, ఆవిడకి తెలియను కూడా తెలియలేదు. పెద్దయ్యాక సోకినవాళ్ళలో ఎక్కువమందికి ఇలాగే పోతుంది, పుట్టినప్పుడో పసితనంలోనో సోకితేనే ఎక్కువగా ఉండిపోతుంది. అయితే గెలిచేసింది కదా ఇంకేం అంటే, పూర్తిగా పోదట, లివర్ కణాల్లో దాని డీఎన్ఏ కొంచెం దాక్కునే ఉంటుంది. మామూలుగా ఏమీ చెయ్యదు. కానీ అత్తయ్యకి కీళ్ళవాతం ఉంది, మాత్రలకి తగ్గట్లేదని ఇమ్యూనిటీని అణిచే ఇంజెక్షన్ మొదలెడదామని డాక్టర్ గారు అనుకుంటున్నారు. అలాంటి మందులు, కొన్ని కేన్సర్ మందులు, రిటుక్సిమాబ్ లాంటివి ఇస్తే ఆ దాక్కున్న వైరస్ మళ్ళీ లేవొచ్చు, లేస్తే ప్రాణం మీదకి కూడా వస్తుంది. ముందే తెలిస్తే మందు బట్టి మాత్ర ముందుగానే ఇస్తారు, లేదా దగ్గరగా చూస్తూ ఉంటారు. ఆవిడ కీళ్ళ డాక్టర్ గారు ఈ రిపోర్ట్ చూసి ఫైల్ మొదటి పేజీలో రాసి పెట్టుకున్నారు. ప్యాకేజీ రిపోర్ట్ ఒక్కటే పట్టుకెళ్ళి ఉంటే ఆ ఆకుపచ్చ టిక్కు చూసి ముందుకెళ్ళిపోయేవాళ్ళం. కంప్లీట్ అని పేరు పెట్టి అమ్మేవాళ్ళు ఇది ఆలోచించాలి కదా?

మా తోడికోడలికి మూడూ నెగటివ్. అంటే ఇప్పుడు వైరస్ లేదు, ఎప్పుడూ రాలేదు, రక్షణా లేదు. భర్తకి ఉంది, కాబట్టి ఇంట్లో అందరికన్నా ముందు టీకా కావాల్సింది ఆవిడకి. మొదటి డోసు, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. అది పూర్తయ్యాక నెల రెండు నెలల మధ్య యాంటీ హెచ్‌బీఎస్ ఒకటి చేయించి 10 దాటిందో లేదో చూసుకోవాలి, అప్పటిదాకా కండోమ్ వాడాలి. దీని గురించి సిగ్గుపడి ఎవరూ చెప్పరు గానీ చెప్పాల్సిన మాటే. ప్యాకేజీ రిపోర్ట్‌లో ఆవిడదీ అత్తయ్యదీ ఒకేలా ఉన్నాయి చూడండి, ఇద్దరికీ ఆల్ నార్మల్. ఒకావిడ జబ్బు గెలిచినావిడ, ఇంకొకావిడ ఏ రక్షణా లేకుండా ప్రమాదం పక్కనే ఉన్నావిడ.

టీకా గురించి ఇంకో చిన్న విషయం, టీకా వేయించుకున్న కొత్తలో హెచ్‌బీఎస్ఏజీ టెస్టు చేయించకండి. టీకాలో ఉండేది అదే ఎస్ ముక్క కాబట్టి రెండు మూడు వారాల దాకా ఉత్తుత్తి పాజిటివ్ వచ్చే అవకాశం ఉంది. రక్తం ముందు, టీకా తర్వాత. గల్ఫ్ మెడికల్‌కి వెళ్ళే కుర్రాళ్ళు ముందు రోజు కంగారుగా టీకా వేయించుకుంటారు, దానివల్ల ఉన్న వైరస్ పోదు, లేనివాడికి లేనిపోని గొడవ.

మా ఆయనది కొంచెం వింత. కోర్ టోటల్ ఒక్కటే పాజిటివ్, మిగతా రెండూ నెగటివ్. ఎప్పుడో వచ్చిపోయి ఎస్ యాంటీబాడీ కాలంతో పాటు తగ్గిపోయి ఉండొచ్చు, టెస్టే తప్పు పాజిటివ్ చూపించి ఉండొచ్చు, అరుదుగా వైరస్ చాలా కొద్దిగా ఉండి ఎస్ టెస్టుకి దొరక్కపోయి ఉండొచ్చు. డాక్టర్ గారు ఒకసారి డీఎన్ఏ చేయించారు, ఏమీ దొరకలేదు, వదిలేశారు.

మా అమ్మాయికి పసిపిల్లప్పుడే డోసులన్నీ పడ్డాయి, ఇప్పుడు తొమ్మిదో క్లాసు. యాంటీ హెచ్‌బీఎస్ 6.2 వచ్చింది, రిపోర్ట్‌లో ఎర్ర అక్షరాలు, నాన్ రియాక్టివ్. ఇక్కడే ఆ ఫ్రీ కన్సల్టేషన్ ఆవిడ ఫోన్ చేసింది. "మేడమ్, పాపకి అసలు ఇమ్యూనిటీ లేదు, ఫుల్ కోర్సు మళ్ళీ చెయ్యాలి, మా దగ్గర వ్యాక్సినేషన్ ప్యాకేజీ ఉంది" అని. చిన్నప్పుడు టీకా వేసిన పిల్లలకి ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అంకె పడిపోవడం మామూలే, అంకె పడిపోయినా ఒంటికి జ్ఞాపకం ఉంటుంది, వైరస్ ఎదురైతే మళ్ళీ తయారుచేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి బూస్టర్ తప్పనిసరి కాదని, ఇంట్లో బాబాయికి ఉంది కాబట్టి మాకు మనశ్శాంతి కావాలంటే ఒక డోసు వేయించుకోవచ్చు నష్టం లేదని పిల్లల డాక్టర్ గారు చెప్పారు. ఒక డోసు వేయించాం.

నాది సింపుల్, కోర్ నెగటివ్, ఎస్ యాంటీబాడీ వెయ్యి పైన, టీకా వల్ల వచ్చిన రక్షణ. నా చదువుకునే రోజుల్లో కాలేజీలో క్యాంపు పెట్టి వేశారు. అప్పట్లో హైదరాబాద్ శాంతా బయోటెక్ వాళ్ళు 1997లో శాన్‌వాక్ బి తెచ్చాకే ఈ టీకా మామూలు ఇళ్ళకి అందే రేటుకి దిగింది, అంతకుముందు బయటి దేశాల నుంచి రావాల్సిందే. దేశమంతా పిల్లల టీకాల్లో ఇది చేరింది 2011 ప్రాంతంలో. అంటే ముప్పై దాటినవాళ్ళలో చాలామందికి ఎవరో క్యాంపు పెడితే తప్ప పడి ఉండదు. ఇప్పుడైతే పుట్టిన 24 గంటల్లోపే మొదటి డోసు వెయ్యాలి, తల్లికి పాజిటివ్ ఉంటే దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా 12 గంటల్లోపు.

ఇప్పుడు మరిది రిపోర్ట్. ఇది చదివి ఇంట్లో ఏడుపులు. హెచ్‌బీఎస్ఏజీ పక్కన 4,318 అని పెద్దగా, బోల్డ్‌లో, ఎర్రగా. కింద నార్మల్ ఒకటి కన్నా తక్కువ అని. ఒకటి ఉండాల్సింది నాలుగు వేలు ఉందంటే ఎవరికైనా గుండె ఆగుతుంది కదా. ఆ అంకె వైరస్ లెక్క కాదండీ! మిషన్‌కి వచ్చిన సిగ్నల్‌ని కటాఫ్‌తో భాగిస్తే వచ్చేది, ఒకటి దాటిందా లేదా అనేదే దాని పని. హారన్ గట్టిగా మోగింది కాబట్టి బండి స్పీడుగా వస్తోంది అనుకోవడం ఎలాంటిదో ఆ నాలుగు వేలు చూసి భయపడడం అలాంటిది. ఇంకా చెప్పాలంటే అనుమానం రావాల్సింది చిన్న అంకెలకి, ఒకటిన్నర రెండు ఇలా అంచున వస్తే అది తప్పు పాజిటివ్ కావొచ్చు, కన్ఫర్మేటరీ టెస్టు చెయ్యమని అడగాలి. ఈ ఒక్క వాక్యం రిపోర్ట్ కింద తెలుగులో రాయడానికి వాళ్ళకి ఎంత ఖర్చవుతుంది? రిపోర్ట్ చివర రెండు పేజీలు ఇంగ్లీషులో సన్న అక్షరాలు ఉన్నాయి, అందులో కోర్టు పరిధి హైదరాబాద్ అని కూడా ఉంది, ఇది మాత్రం లేదు.

వైరస్ నిజంగా ఎంత ఉందో చెప్పేది హెచ్‌బీవీ డీఎన్ఏ క్వాంటిటేటివ్, పీసీఆర్‌తో చేస్తారు, ప్యాకేజీలో లేదు, విడిగా 4,200. ఆయనకి 3,460 ఐయూ/ఎంఎల్ వచ్చింది, పక్కనే లాగ్ 3.54 అని. ఆ రెండూ ఒకటే, రెండు వేర్వేరు ఫలితాలు కావు, కొందరికి కోట్లలో వస్తుంది కాబట్టి రాసుకునే వీలు కోసం లాగ్. హెచ్‌బీఈఏజీ నెగటివ్, యాంటీ హెచ్‌బీఈ పాజిటివ్. ఫోన్ ఆవిడ దీన్ని చూసి "యాంటీబాడీస్ వచ్చేశాయి సార్‌కి, వైరస్ వీక్ అయిపోయింది, టెన్షన్ వద్దు, లివర్ డిటాక్స్ సిరప్ మూడు నెలలు వాడండి" అంది. ఆవిడ డాక్టరో కాదో రెండుసార్లు అడిగా, హెల్త్ అడ్వైజర్‌ని అంది. హెచ్‌బీఈఏజీ నెగటివ్ అయితే చాలామందికి వైరస్ నెమ్మదించిన మాట నిజమే, కానీ అందరికీ కాదు, వైరస్ కొంచెం మారిపోయి ఆ సరుకు తయారుచెయ్యడం మానేసి కూడా పెరుగుతూనే ఉండొచ్చు, మన దేశంలో అలాంటి కేసులు చాలానే ఉంటాయి. అందుకే ఈ ఒక్కటి చూసి ఏ మాటా చెప్పకూడదు, డీఎన్ఏ, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) రెండూ పక్కన పెట్టుకుని చూడాలి.

ఆ ఎస్‌జీపీటీ దగ్గర ఇంకో మెలిక. ఆయనకి 43. ల్యాబ్ రేంజ్ 50 దాకా, కాబట్టి నల్ల అక్షరాల్లో నార్మల్ అని వచ్చింది. డబ్ల్యూహెచ్ఓ 2024 గైడ్‌లైన్స్‌లో హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి మగవాళ్ళకైతే 30, ఆడవాళ్ళకైతే 19 దాటితే చాలు, ఎక్కువ కిందే లెక్క. అమెరికా లివర్ డాక్టర్ల సంఘం లెక్క 35, 25. అంటే ల్యాబ్ నార్మల్ అన్నది లివర్ డాక్టర్‌కి నార్మల్ కాదు! డీఎన్ఏ 2,000 దాటి, ఎస్‌జీపీటీ కూడా ఆరు నెలల నుంచి ఏడాది లోపు రెండుసార్లు ఎక్కువ వస్తే మందు మొదలుపెట్టడం గురించి ఆలోచించాలని ఆ 2024 లెక్క. పక్కవాళ్ళ ఎస్‌జీపీటీతో, పక్కవాళ్ళ మందుతో పోల్చుకోకండి, వయసు, లివర్ గట్టిపడిందా లేదా, ఇంట్లో ఎవరికైనా లివర్ కేన్సర్ వచ్చిందా, షుగరు ఉందా, ఇవన్నీ కలిపే డాక్టర్ చెప్తారు.

ఇదంతా మాకు విడమరచి చెప్పింది ఎవరనుకున్నారు, గవర్నమెంట్ హాస్పిటల్లో. నేషనల్ వైరల్ హెపటైటిస్ కంట్రోల్ ప్రోగ్రామ్ అని 2018 జూలై 28న మొదలైంది, అందులో భాగంగా పెద్ద గవర్నమెంట్ ఆసుపత్రుల్లో టెస్టులు, మందులు ఫ్రీ. మన దేశంలో హెపటైటిస్ బి తో బతుకుతున్నవాళ్ళు 2022 లెక్కల్లో దాదాపు మూడు కోట్ల మంది, కానీ ఈ ప్రోగ్రామ్ ఉందని మాకు ఏ ల్యాబూ, ఏ మెడికల్ సెంటరూ చెప్పలేదు, పక్కింట్లో ఉండే స్టాఫ్ నర్సు గారు చెప్తే వెళ్ళాం. క్యూ ఉంది, అబద్ధం చెప్పను, ఓపీ చీటీకి ఒక లైను, డాక్టర్‌కి ఒక లైను, కుర్చీలు చాలవు. కానీ డాక్టర్ గారు ప్లేట్‌లెట్లు, ఎస్‌జీఓటీ చూసి కాగితం మీద ఏదో లెక్క కట్టారు, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) రాశారు, 6.1 వచ్చింది, గట్టిపడలేదు అన్నారు. మూడు నెలలకి ఎస్‌జీపీటీ మళ్ళీ, ఆరు నెలలకి హెచ్‌బీఎస్ఏజీ, డీఎన్ఏ మళ్ళీ, అప్పుడు టెనోఫోవిర్ మాత్ర సంగతి చూద్దాం అన్నారు. మొదలుపెడితే మాత్రం ఇష్టమొచ్చినప్పుడు ఆపకూడదు, ఆపితే వైరస్ ఒక్కసారిగా ఎగిసి లివర్ దెబ్బతింటుంది, మాత్ర వైరస్‌ని అణుస్తుంది గానీ మామూలుగా పూర్తిగా తీసెయ్యదు అని కూడా చెప్పారు. "ఎలా వచ్చిందో తవ్వకండమ్మా, ఎప్పుడో చిన్నప్పటి సూది అయ్యుండొచ్చు, మంగలి కత్తి అయ్యుండొచ్చు, ఇప్పుడు తెలిసి చేసేదేం లేదు" అన్నారు తోడికోడలితో. ఊళ్ళో ఈ జబ్బు పేరు చెప్తే మగాడి నడవడిక మీద ఎన్ని మాటలొస్తాయో తెలిసి అన్నారు అది.

ఊరంటే గుర్తొచ్చింది, మా వైపు ఈ మాట వినగానే అందరూ చెప్పే సలహా పసరు మందు. చేతి మీద వాత పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేల ఉసిరి గురించైతే నిజంగా ఒక కథ ఉంది: ఈ వైరస్‌ని కనిపెట్టిన బ్లంబర్గ్ గారు (1976లో నోబెల్ వచ్చింది, ఆయన పుట్టినరోజే జూలై 28, అందుకే ఆ రోజు హెపటైటిస్ డే) మద్రాసు వాళ్ళతో కలిసి నేల ఉసిరి మీద పనిచేశారు. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, మందు తిన్న 37 మందిలో 22 మందికి ఎస్ యాంటిజెన్ పోయిందని. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత వేరేవాళ్ళు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి నేల ఉసిరి పచ్చడి చేసుకుని తినండి, డీఎన్ఏ టెస్టుకి బదులు మాత్రం తాగకండి.

కొనేవాళ్ళకి నా మాట ఇది. ఎప్పుడూ చేయించుకోనివాళ్ళు హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్, కోర్ టోటల్ అని పేరుపెట్టి విడిగా అడగండి, ప్యాకేజీ పేరు చూసి కొనకండి. బడ్జెట్ లేకపోతే ముందు హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటైనా. ఏ పద్ధతిలో చేస్తారో అడగండి, కార్డు టెస్టు క్యాంపులకి పర్వాలేదు గానీ కొద్దిగా ఉన్నది మిస్సవ్వొచ్చు, ఎలైసా గానీ కెమిల్యుమినిసెన్స్ గానీ అయితే మేలు. రిపోర్ట్ మీద ఎన్ఏబీఎల్ (ల్యాబ్ నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపు) గుర్తు ఉందో లేదో, ఉంటే మీరు చేయించిన టెస్టుకి అది వర్తిస్తుందో లేదో చూడండి, మాకిచ్చిన దాంట్లో ఒక టెస్టు పక్కన చుక్క పెట్టి ఇది పరిధిలో లేదని కింద సన్నగా రాశారు. డీఎన్ఏ టెస్టు ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించుకుంటూ ఉంటే పాతదీ కొత్తదీ పోల్చడం తేలిక. ఫోన్లో సిరప్ అమ్మేవాళ్ళతో మాట్లాడక్కర్లేదు, రిపోర్ట్ పట్టుకుని గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరకో గవర్నమెంట్ హాస్పిటల్‌కో వెళ్ళండి.

ల్యాబ్‌కి ఇవన్నీ మెయిల్ పెట్టా, మీ ఫీడ్‌బ్యాక్ మాకు విలువైనది అని జవాబొచ్చింది, వారం తిరక్కుండా అదే ప్యాకేజీ మీద ఇరవై శాతం డిస్కౌంట్ మెసేజ్ కూడా వచ్చింది. ఇంకా బుక్ చేద్దామనుకునేవాళ్ళు ఉంటే, డీఎన్ఏ టెస్టుకి ఇచ్చే శాంపిల్ శనివారం సాయంత్రం స్లాట్‌లో ఇవ్వకండి, అది హైదరాబాద్ వెళ్ళాలి, ఆదివారం వాళ్ళ బండి ఉండదు.